పాసు మీద పేరు

"వీరన్న అనే పేరుతో ఎవరూ లేరమ్మా," అన్నాడు క్యాజువాల్టీ గుమాస్తా, రిజిస్టరులోంచి తల ఎత్తకుండానే.

ఇంద్రజ రెండు చేతులతోనూ బల్ల అంచు పట్టుకుంది. మద్దిలపాలెంలో కాలేజీ గేటు దగ్గరికి నాన్నతో పనిచేసే మనిషొకడు సైకిలు మీద వచ్చి కబురు చెప్పి గంట కూడా కాలేదు. బస్సు ఎలా ఎక్కిందో, దిగాక ఆ ఎండలో ఎంత దూరం పరిగెత్తిందో ఆమెకు గుర్తు లేదు.

"పొద్దున్న పోర్టు నించి తెచ్చేరండి. బొగ్గు ఓడలో దెబ్బ తగిలిందంట. కాలు మీద..."

"పోర్టు నుంచి ఒక్క కేసే వచ్చింది. అది వీరన్న కాదు."

ఆ మాట వినగానే ఆమెకు ముందు కలిగింది సంతోషం. దెబ్బ తగిలింది ఇంకెవరికో. నాన్న ఈపాటికి పని దిగి, కుళాయి కింద కాళ్లు రుద్దుకుంటూ ఉంటాడు. ఒక్క క్షణం ఊపిరి తేలిగ్గా ఆడింది.

మరుక్షణమే గుర్తొచ్చింది. పోర్టు గేటు లోపల నాన్న వీరన్న కాడు. ఆ సంగతి ఆమెకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు.

"నజీర్ అని... ఉన్నారాండి?"

గుమాస్తా వేలు ఒక వరుస దగ్గర ఆగింది. "ఉన్నాడు. షేక్ నజీర్, తండ్రి ఖాదర్, వయసు నలభై నాలుగు. నువ్వేమవుతావు?"

"కూతుర్ని."

"పేరు?"

"ఇంద్రజ."

గుమాస్తా అప్పుడు తల ఎత్తాడు. ఆమె నుదుటి మీది బొట్టు వైపు చూశాడు. కలం రిజిస్టరు మీద ఆగిపోయింది.

"ఇంట్లో ముద్దుగా అలా పిలుత్తారండి," అంది వెనకనుంచి ఒక గొంతు. "అసలు పేరు సబీనా. రాసుకోండి బాబూ."

మేస్త్రీ సన్యాసిరాజు. నాన్న గ్యాంగుకి పెద్ద. చొక్కా మీద నెత్తురు మరకలు ఉన్నాయి. ఇంద్రజ భుజం మీద చెయ్యి వేసి, బల్ల దగ్గర్నుంచి మెల్లగా పక్కకు నడిపించాడు. వరండాలోకి వచ్చాక ఆమె తన చెయ్యి తానే పైకెత్తి, బొట్టుబిళ్ల పీకి గుప్పిట్లో దాచుకుంది. తియ్యమని ఎవరూ చెప్పలేదు.

*

వీరన్న పోర్టు గేటు దగ్గర చూపించే పాసు రెండేళ్ల కిందటి దాకా నిజంగా నజీర్‌దే. వన్‌టౌన్ సందుల్లో అతని కాపురం. ఓడ అడుగున క్రేన్ బకెట్‌కి అందకుండా మిగిలిపోయే బొగ్గును పారలతో మధ్యకు లాగే పని. పదిహేడేళ్లు ఆ దుమ్ము మింగి అతని ఊపిరితిత్తులు చెడ్డాయి. నాలుగు మెట్లు ఎక్కితే కూలబడేవాడు. అప్పటికి కొత్త పాసులు ఇవ్వడం మానేశారు. పాసు ఉన్న నజీర్‌కి ఒంట్లో సత్తువ లేదు. సత్తువ ఉన్న వీరన్నకి పాసు లేదు. సన్యాసిరాజు ఇద్దర్నీ టీ కొట్టు బల్ల మీద కూర్చోబెట్టి ఒప్పందం కుదిర్చాడు. షిఫ్టుకి వచ్చే నూట పది రూపాయల్లో డెబ్భై వీరన్నకి, ముప్ఫై నజీర్ ఇంటికి, పది మేస్త్రీకి. తప్పు చేస్తున్నామని ముగ్గురిలో ఎవరికీ తోచలేదు. 'పాసు మీద పని' అనే మాట రేవులో అందరికీ తెలిసినదే. ఆ రోజునుంచి వీరన్న, నజీర్ ఒకరినొకరు బావా అని పిలుచుకున్నారు. రంజాన్‌కి సేమియా గిన్నె వచ్చేది, దసరాకి గారెలు వెళ్లేవి.

పాసు మీది ఫొటోలో నజీర్‌కి గడ్డం ఉంది. వీరన్న గడ్డం పెంచాడు. బొగ్గు మసి, చెమట కలిసి ఆ ఫొటో ఎలాగూ సగం చెరిగిపోయింది. ఇక మిగిలింది పాసు వెనక ఉన్న వివరాలు. గేటు దగ్గర కాపలావాళ్లు ఎప్పుడైనా అనుమానమొస్తే పాసు తిప్పి ప్రశ్నలడుగుతారు. వీరన్నకి చదువు రాదు. అందుకని ఇంటర్లో అప్పుడే చేరిన ఇంద్రజ, గోపాలపట్నం కొండవాలులోని వాళ్లింటి అరుగు మీద కూర్చుని, వారం రోజులపాటు తండ్రికి పాఠం చెప్పింది.

"పేరు?"

"షేక్ నజీర్."

"తండ్రి పేరు?"

"అప్పన్న... కాదు కాదు, ఖాదర్."

అరచేతి మీద స్కేలుతో ఒక దెబ్బ. వీరన్న అబ్బో అని చెయ్యి ఊదుకునేవాడు. పొయ్యి దగ్గర్నుంచి అమ్మ కామేశ్వరి, "తండ్రీ కూతుల్లకి ఏరే పనేటీ లేదేటి? ఆ గడ్డం సూత్తే నాకే బయమేత్తంది, కాపలావోడికి ఎయ్యదేటి?" అని గొణిగేది. ఆ తరవాత నాన్న నల్లగా ఇంటికొచ్చిన ప్రతిసారీ ఇంద్రజ గుమ్మంలో నిలబడి, "సలాం నజీర్ భాయ్" అనేది. ఆయన తెల్లటి పళ్లన్నీ బయటపెట్టి, "టీ పెట్టించు బేటీ" అనేవాడు. 

పోయిన నెలలోనే ఆమెకు పద్దెనిమిదేళ్లు నిండాయి. ఈ మధ్యాహ్నం దాకా నజీర్ అన్న ఆ పేరు వాళ్లింట్లో ఆటే.

*

నాన్న వార్డు గుమ్మం పక్కనే చక్రాల మంచం మీద ఉన్నాడు. కాలికి చెక్క కట్టి గుడ్డలు చుట్టారు. గుడ్డ నల్లగా ఉంది. అది బొగ్గో నెత్తురో తెలియలేదు. పాదం మాత్రం బయటికి ఉంది. బొటనవేలి కన్నా రెండోవేలు పొడుగ్గా ఉండే ఆ పాదం ఆమెకు తెలుసు. ఇప్పుడది పాలిపోయి, గోళ్ల కింద నీలం తిరిగింది.

నర్సు అతని చెంప తట్టింది. "నజీర్! ఓ నజీర్! పడుకోకు."

"ఆఁ సార్," అన్నాడు వీరన్న కళ్లు మూసుకునే. "షేక్ నజీర్... తండ్రి ఖాదర్..."

తడబడకుండా అప్పజెప్పాడు. ఇంద్రజ అరచేతిలో స్కేలు గుచ్చుకున్నట్టయింది.

"నాన్నా!"

వీరన్న కళ్లు తెరిచాడు. నర్సు పక్కకు వెళ్లేదాకా ఆగి, కూతురి మణికట్టు పట్టుకున్నాడు. ఆ చెయ్యి చల్లగా ఉంది.

"మీయమ్మకి కబురెట్టేవా?"

"ఇంకా లేదు." అమ్మమ్మకు బాగోలేదని అమ్మ బొబ్బిలి దగ్గర ఊరికి వెళ్లి మూడు రోజులైంది.

"ఎట్టకు. సన్యాసిరాజు ఏటి సెప్తే అదే సెప్పు. నా పేరు మాత్రం ఎత్తకమ్మా. ఎత్తితే జైల్లో ఏసేత్తారు. నీ కాళ్లట్టుకుంటాను."

తుఫానులో ఇంటి రేకు ఎగిరిపోయిన రాత్రి నాన్న ఆమెను ఒళ్లో పెట్టుకుని నవ్వాడు. యారాడ తీరానికి తీసుకెళ్లినప్పుడల్లా, 'లెక్కెట్టు తల్లీ' అని చెప్పి అలల కిందకు మునిగేవాడు. ఆమె అరవై దాకా లెక్కపెట్టి, ఏడుపు మొహం పెట్టేదాకా పైకి తేలేవాడు కాదు. నాన్నకు భయం ఉంటుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు. ఇప్పుడా కళ్లలో ఉన్నది నొప్పి కాదు. కూతురి కాళ్లు పట్టుకుంటానంటున్నది ఆ భయమే. ఎప్పటినుంచి ఉందో! రోజూ గేటు దగ్గర పాసు చూపిస్తున్నప్పుడు, గుమ్మంలో ఆమె సలాం చేస్తున్నప్పుడు, పళ్లు బయటపెట్టి నవ్వుతున్నప్పుడు కూడా ఉండే ఉంటుంది. ఆమె మంచం కమ్మీ పట్టుకుంది.

*

మేస్త్రీ సోడా కొట్టించి తెచ్చాడు. ఆమె తాగలేదు.

"సూడమ్మా, నువ్వు సదువుకున్నదానివి, ఇను. ఇంకోడి పాసు మీద పోర్టులోకి దూరినోడంటే దొంగ కింద లెక్క. కేసు మీ నాన్న మీదే కడతారు. నజీర్‌నీ మంచం మీంచి ఈడుత్తారు. అదే నజీర్‌కి దెబ్బ తగిలిందనుకో, మందులూ మాకులూ కాంట్రాక్టరే పెట్టుకుంటాడు. నాను మాటాడేను."

"ఎలా తగిలింది మావయ్యా?"

"బకెట్ దించినాడు క్రేనోడు. 'నజీర్, తప్పుకో' అని పైనుంచి అరిసేరు. మీ నాన్న రెండేల్లుగా ఆ పేరుకి పలుకుతున్నోడే. ఇయ్యాల ఏటయిందో... ఒక్క సనం ఆలీసమయింది."

సన్యాసిరాజు కండువాతో మొహం తుడుచుకున్నాడు. 

"నా గ్యాంగులో ఇరవై మందున్నారు. తొమ్మిది మంది ఇలాటోల్లే. ఒక్కడిది బయటపడితే రేపు గేటు కాడ అందరి పాసులూ తిరగేత్తారు. తొమ్మిది కొంపలు తల్లీ. వాటితో పాటు నాదీ."

మెట్ల మీద నల్ల బురఖాలో మదీనా బీ ఆయాసపడుతూ కనిపించింది. నజీర్ భార్య. చేతిలో గుడ్డ సంచీ. మేస్త్రీయే రిక్షా పంపించి పిలిపించాడు, భార్యగా సంతకం పెట్టడానికి. నజీర్ పేరుతో ఉన్న కాగితాలన్నీ తెమ్మన్నాడు, ఎవరికీ అనుమానం రాకుండా. ఆమె ఏది కావాలో ఏది అక్కర్లేదో తెలియక, రేషన్ కార్డు నుంచి ఆసుపత్రి చీటీల దాకా ఇంట్లో ఉన్న కాగితమల్లా తెచ్చింది.

"నా పిల్ల పేరు నీకు పెట్టేరంట కదా బేటీ," అంది ఇంద్రజ మొహం రెండు చేతుల్లోకి తీసుకుని. "బొట్టేదీ? ఎందుకు తీసేశావ్?"

 ఇంద్రజ గుప్పిట్లో బొట్టుబిళ్ల చెమటకు తడిసి అంటుకుపోయింది.

*

డాక్టరు చిన్నవాడే. కళ్ల కింద నిద్రలేని చారలున్నాయి. మదీనా బీ సంచీలోంచి మేస్త్రీ ఒక్కొక్క కాగితమే తీసి అందిస్తూ ఉంటే, డాక్టరు ఆసుపత్రి కార్డు దగ్గర ఆగాడు.

"ఇతను మన ఛాతీ వార్డు పేషెంటా? ముందే చెప్పరేం?"

"అవునండి, అవును. నజీరే," అన్నాడు మేస్త్రీ. రుజువు దొరికినందుకు అతని మొహం వెలిగింది.

డాక్టరు ఆ సంచీలోని పెద్ద కవరులోంచి ఎక్స్‌రే తీసి కిటికీకి ఎదురుగా పట్టుకున్నాడు. మధ్యాహ్నపు ఎండలో ఆ పక్కటెముకల మధ్య తెల్లటి మచ్చలు, చిల్లులు పడిన గుడ్డలా కనిపించాయి. చాలాసేపు చూశాడు. తరవాత గొంతు తగ్గించి చెప్పాడు.

"కాలి రక్తనాళం తెగింది. దాన్ని కలిపి కుట్టి, ఎముక నిలబెట్టాలంటే నాలుగైదు గంటలు పూర్తి మత్తులో ఉంచాలి. రక్తం చాలా పోయింది, నడుములో మత్తు ఇవ్వడానికి లేదు. ఈ ఊపిరితిత్తులతో అంతసేపు ఉంచితే బల్ల మీదే పోతాడు. మోకాలి పైదాకా కాలు తీసేస్తే తొందరగా అయిపోతుంది. ప్రాణమన్నా దక్కుతుంది. సంతకం ఎవరు పెడతారు?"

"భార్య పెడతాదండి," అన్నాడు మేస్త్రీ.

నర్సు కాగితం బల్ల మీద పరిచింది. పైవరుసలో 'షేక్ నజీర్' అని రాసి ఉంది. మదీనా బీకి కలం అందించారు.

ఇంద్రజకు ఆ ఎక్స్‌రే మీంచి చూపు మరలలేదు. నీళ్లలో మునిగి అరవై లెక్కపెట్టేదాకా బయటికి రాని ఊపిరి అది కాదు. బస్తా బియ్యం భుజాన వేసుకుని ఆగకుండా కొండవాలు ఎక్కే మనిషి ఊపిరి అది కాదు.

"డాక్టర్ గారూ," అంది. తన గొంతు తనకే వినిపించలేదు. మళ్లీ అంది, "డాక్టర్ గారూ, ఊపిరితిత్తులు బాగుంటే?"

"బాగుంటే ప్రయత్నించేవాణ్ణి. పాదం ఇంకా పూర్తిగా చల్లబడలేదు. నిలబడుతుందని మాట ఇవ్వలేను. కానీ ఇంకో రెండు గంటలు దాటితే ఆ ప్రయత్నం కూడా ఉండదు. అదంతా ఎందుకిప్పుడు?"

సన్యాసిరాజు ఆమె చెయ్యి పట్టి గోడవారకు లాగాడు. "నోరు ముయ్యి తల్లీ. కాలు పోతే పోనీ, మనిసుంటాడు. కాలికి నట్టపరిహారం కింద డబ్బులొత్తాయి. నాను ఇప్పిత్తాను. నాది పూచీ."

"ఎవులికిప్పిత్తావు మావయ్యా?" అంది ఇంద్రజ. "నజీర్ మావయ్యకి రెండు కాల్లూ ఉన్నాయి కదా."

మేస్త్రీ ఆమె చెయ్యి వదిలేశాడు. అతనికి ఆ సంగతి ఇప్పుడే తట్టిందో, ముందే తెలిసి ఉందో ఆమెకు అర్థం కాలేదు. గోడకు ఆనుకుని అలాగే నిలబడిపోయాడు.

మదీనా బీ కలం కాగితం మీద పెట్టింది. ఉర్దూలో తన పేరులోని మొదటి అక్షరం గీసింది.

"పెట్టకు అత్తా."

కలం ఆగింది.  మంచం మీద నాన్న తల అడ్డంగా ఊపుతున్నాడు, చెప్పొద్దు, చెప్పొద్దని. వరండా చివర అవుట్‌పోస్టు కానిస్టేబుల్ ఎవరితోనో మాట్లాడుతున్నాడు. అతని టోపీ ఇక్కణ్ణుంచి కనిపిస్తోంది. ఈ మాట అంటే పాసు పోతుంది. నాన్నకు పని పోతుంది. మదీనా అత్త ఇంట్లో ముప్ఫై రూపాయలు పోతాయి. తనకు ముఖం కూడా తెలియని ఎనిమిది మంది రేపు గేటు బయట నిలబడతారు. అనకపోతే మంచం మీంచి ఒక కాలు పోతుంది. ఎటు చూసినా ఎవరిదో ఒకరిది పోవలసిందే అన్నట్టు దీన్ని ఎవరు అమర్చి పెట్టారో! కాలేజీలో ఏ పుస్తకమూ ఆమెకు ఇలాంటిది చెప్పలేదు.

"ఆ ఎక్స్‌రే ఫొటో మా నాన్నది కాదు," అంది. "మా నాన్న నజీర్ కాదు. నాను సబీనాని కాదు. ఆ కాయితం మీద నాను సంతకం పెట్టను, ఎవర్నీ పెట్టనివ్వను."

 డాక్టరు మదీనా బీ వైపు తిరిగాడు. "అమ్మా, నిజం చెప్పండి. ఈయన మీ భర్తేనా?"

మదీనా బీ ముందు మేస్త్రీని చూసింది. తరవాత మంచాన్ని చూసింది. ఆ చూపులో ఇంద్రజ మీద కోపం ఉందో, జాలి ఉందో తెలియలేదు. రెండూ ఉన్నాయేమో. నెమ్మదిగా కలం కింద పెట్టి, కిటికీ వైపు చెయ్యి చాపింది.

"అది పదిహేడేళ్లు బొగ్గు మింగిన మనిషి ఫొటో సాబ్. మావోడు ఇంటికాడ మంచం మీద ఉన్నాడు. నా సామాను నాకిచ్చెయ్యండి."

ఎక్స్‌రేని కవరులో పెట్టుకుంది. కవరుని సంచీలో పెట్టుకుంది. వెళ్లిపోతుందనుకుంది ఇంద్రజ. ఆమె బెంచీ మీద కూర్చుని, సంచీ ఒళ్లో పెట్టుకుని, బురఖా అంచు నోట్లో కుక్కుకుంది.

సన్యాసిరాజు గోడ దగ్గర లేడు. వరండాలో అటువైపు నడుస్తున్నాడు. ఆ చివర టెలిఫోను ఉంది, అవుట్‌పోస్టూ ఉంది. గ్యాంగుని హెచ్చరించడానికి వెళుతున్నాడో, పోలీసుకి చెప్పడానికో తెలియలేదు.

"ఛాతీకి కొత్త ఎక్స్‌రే, ఇప్పుడే. థియేటర్‌కి ఫోన్ చెయ్యండి," అన్నాడు డాక్టరు నర్సుతో. కాగితం మీది పేరును అడ్డంగా కొట్టేశాడు. కొట్టేసిన పేరు పక్కన ఖాళీ జాగా మిగిలింది. "మీ నాన్న పేరేమిటి?"

"వీరన్నండి."

డాక్టరు మంచం మీదికి వంగాడు. "వీరన్నా! వీరన్నా! వినిపిస్తోందా?"

వీరన్న పలకలేదు. ఇంతసేపూ నజీర్ అన్న ప్రతిసారీ ఆఁ అన్నవాడు, ఇప్పుడు కళ్లు గట్టిగా మూసుకుని, పెదవులు బిగించాడు.

"తెలివి తప్పిందా?" అంది నర్సు.

"లేదండి," అంది ఇంద్రజ. "బయపడతన్నాడు."

మంచం కదిలింది. ఆమె కూడా కమ్మీ పట్టుకుని నడిచింది. ఎక్స్‌రే గది తలుపు తెరుచుకుంది. ఇక లోపలికి రాకూడదని ఆయా చెయ్యి అడ్డం పెట్టింది. ఇంద్రజ తండ్రి చెవి దగ్గరికి వంగింది. అరుగు మీద కూర్చుని అడిగినట్టు అడగాలనుకుంది. 

"నాన్నా. పేరు?"

కనురెప్పలు కదిలాయి. వీరన్న కళ్లు తెరిచి కూతుర్ని చూశాడు. ఆమె వెనక వరండాని చూశాడు. అక్కడ దగ్గరికి వస్తున్న బూట్ల చప్పుడు ఇంద్రజకు కూడా వినిపిస్తోంది. ఆమె వెనక్కి తిరగలేదు.

"పేరు?" అంది మళ్లీ.

వీరన్న ఛాతీ నిండా గాలి పీల్చుకున్నాడు, యారాడలో అల కిందకు మునగబోయే ముందు పీల్చుకున్నట్టు. పెదవులు విడివడ్డాయి.

ఇంద్రజ లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఒకటి. రెండు. మూడు.